డయల్ ముట్టుకోనన్న సాయిబు గారు: బెజవాడలో పాత వాచీలు బాగుచేసే ఓ చిన్న షాపు

2024 సెప్టెంబరు 1, ఆదివారం బుడమేరు వాగు పొంగి మా ఇంట్లోకి వచ్చింది. సింగ్ నగర్‌లో పైపుల రోడ్డు దగ్గర మాది గ్రౌండ్ ఫ్లోరు. ఐదు రోజులు పైవాళ్ళింట్లో ఉన్నాం. నీళ్ళు తీశాక దిగి వచ్చి బీరువా తలుపు లాగితే కింది అరలో చీరలు, కాగితాలు, ఫొటోలు అన్నీ ఒకే బురద ముద్ద. ఆ ముద్దలో ఓ స్టీలు డబ్బా. అందులో మా నాన్న వాచీ.

హెచ్‌.ఎం.టి. జనత. 1974లో రైల్వేలో చేరిన ఏడాది కొనుక్కున్నారు. గూడ్స్ గార్డుగా పనిచేసినన్నాళ్ళూ, రిటైరయ్యాక కూడా, ఆస్పత్రిలో చేరేదాకా అదే వాచీ. రోజూ పొద్దున కాఫీ తాగి, రేడియోలో టైము చెప్పగానే కీ ఇచ్చేవారు. 2017లో ఆయన పోయాక ఆ కీ ఇచ్చినవాళ్ళు లేరు.

ఇల్లు మళ్ళీ ఇల్లయ్యేసరికి చాలా నెలలు పట్టింది. తర్వాత వాచీ తీసుకుని రెండు షాపులు తిరిగాను. ఒక చోట తీసి చూడకుండానే "డయల్ పెయింటింగ్‌కి పంపిద్దాం మేడం, కొత్తదానిలా వస్తుంది" అన్నారు. ఇంకో చోట వేరే డయల్ వేసేద్దామన్నారు. నాకూ అదే సరైనదనిపించింది. బురద మరకలతో ఉన్న డయల్ చూస్తే వరద రోజులే గుర్తొస్తున్నాయి. మా స్కూల్లో లెక్కల మాస్టారు "ఒక్కసారి సాయిబు గారికి చూపించండి, తర్వాత మీ ఇష్టం" అంటే వెళ్ళాను. ఈ రివ్యూ ఆ షాపు గురించే.

ఏలూరు రోడ్డు వైపు నుంచి బీసెంట్ రోడ్డులోకి వచ్చి, బట్టల షాపుల మధ్య ఓ సందులోకి తిరగాలి. బోర్డు వెలిసిపోయింది. తన పేరు, షాపు పేరు రాయొద్దని ఆయనే అడిగారు. ఉన్న పనికే కళ్ళు సరిపోవడం లేదట. సందులో ఎవరినైనా పాత వాచీల సాయిబు గారంటే చూపిస్తారు. నాలుగడుగుల కౌంటరు, దాని మీద గాజు పెట్టె, ఒక టేబుల్ లైటు. మే నెలలో కూడా ఫ్యాను వేయరు, చిన్న చిన్న స్క్రూలు ఎగిరిపోతాయని. మనం నిలబడే మాట్లాడాలి. వయసు డెబ్బై దాటి ఉంటుంది. వాళ్ళ నాన్నగారిదీ ఇదే పని.

"డయల్ కొత్తగా చేయించాలండీ" అన్నాను.

"ముందు చూద్దామమ్మా" అని తీసుకున్నారు. మూత తీసేముందు మూడు ప్రశ్నలు అడిగారు. నీళ్ళలో ఎన్ని రోజులుంది? తర్వాత ఎవరైనా తెరిచారా? కీ తిప్పారా? ఐదు రోజులని, తెరవలేదని, రెండు రోజులు ఎండలో పెట్టానని, ఆత్రం కొద్దీ కీ కూడా తిప్పి చూశానని చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. "ఎండలో పెడితే లోపలి తడి ఆవిరై మళ్ళీ అద్దానికీ డయల్‌కీ పడుతుంది. తడిసిన వాచీ తిప్పకూడదు. ఒకటి రెండు రోజుల్లో తెచ్చుంటే తుప్పు ఇంత పట్టేది కాదు" అన్నారు. మీ ఇంట్లో ఎవరిదైనా తడిస్తే ఈ మాట గుర్తుపెట్టుకోండి.

అద్దం తీసి, ముళ్ళు తీసి, డయల్‌ని మిషను మీంచి విడదీసి తెల్ల కాగితం మీద పెట్టారు. తన కంటద్దం నా చేతికిచ్చి చూడమన్నారు. నేను ఫిజికల్ సైన్స్ చెప్పే టీచర్ని, పిల్లలకి రోజూ భూతద్దం పట్టుకోవడం నేర్పేదాన్ని. ఆ డయల్‌ని అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు.

మొదట అంచు చూడమన్నారు. డయల్ చుట్టూ వెంట్రుక మందంలో ఓ వలయం తెల్లగా, కొత్త పింగాణీలా ఉంది. వాచీ కేసు అంచు కింద దాక్కునే భాగం అది. యాభై ఏళ్ళుగా వెలుతురు తగలలేదు కాబట్టి ఫ్యాక్టరీలో వేసిన రంగు అక్కడ అలాగే ఉంది. దాని లోపలికి వస్తే డయల్ అంతా లేత గడ్డి రంగు. ఎక్కడా ఎగుడుదిగుడు లేకుండా ఒకేలా. పైన పూసిన లక్క ఏళ్ళ తరబడి మెల్లగా పసుపెక్కితే ఇలాగే వస్తుంది. "ఇది మీ నాన్నగారి కాలం" అన్నారు.

తర్వాత 3 అంకె వైపు. అక్కడ గోధుమ రంగు మరక, అర్ధచంద్రాకారంలో. దాని అంచు పెన్సిల్‌తో గీసినట్టు ముదురుగా ఉంది. టీ కప్పు కింద పెట్టిన చోట బల్ల మీద మిగిలే గుర్తు ఉంటుంది చూడండి, అచ్చం అలా. "ఇది వరద." కీ కడ్డీ పక్కనున్న సన్నని సందులోంచే నీళ్ళు లోపలికి వస్తాయి. ఆ కడ్డీ ఇనుము. అది తుప్పు పట్టి, ఆ తుప్పు నీళ్ళతో పాటు డయల్ మీదికి పాకి, ఆరేటప్పుడు అంచు దగ్గర పేరుకుపోయింది. ఏ పాత వాచీలోనైనా మచ్చలు 3 దగ్గర ఎక్కువగా ఉంటే తడి కీ దగ్గర్నుంచి వచ్చిందని అనుమానించమన్నారు. మన ఊరి చెమటకే సగం వాచీలు ఇలా అవుతాయట, వరదే రానక్కర్లేదు.

అక్షరాల మీదికి వచ్చాం. పైన 'హెచ్ఎంటి', దాని కింద 'జనత', అడుగున '17 జ్యూవెల్స్'. చివరి అక్షరం సగం లేచిపోయింది. మిగతావి మాత్రం నల్లగా, అంచులు తెగినట్టు నిక్కచ్చిగా ఉన్నాయి. కంటద్దాన్ని కాస్త పక్కకి వంచి చూస్తే ఒక్కో అక్షరం డయల్ మీద కొద్దిగా ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. ఫ్యాక్టరీలో ఉక్కు పలక మీద అక్షరాలు చెక్కి, సిరా నింపి, మెత్తని ముద్ద లాంటి దాంతో ఆ సిరాని ఎత్తి డయల్ మీద అద్దుతారు. అందుకే అంత సన్నని గీత కూడా తెగకుండా వస్తుంది. చేతిపనితో తిరిగి రాసినా, చౌకగా మళ్ళీ అచ్చు వేసినా ఆ పదును రాదు.

"ఇది పుట్టినప్పటి డయలేనమ్మా. దీన్ని పెయింటింగ్‌కి పంపితే ముందు మందు వేసి ఈ అక్షరాలన్నీ కడిగేస్తారు. ఇత్తడి రేకు కనపడేదాకా రుద్దుతారు. మీ నాన్నగారు చూసిన అక్షరం ఒక్కటీ మిగలదు. నేను మాత్రం ముట్టుకోను. కావాలంటే వేరే చోట చేయించుకోండి."

అలా సూటిగా చెప్పడం నాకు నచ్చింది. వద్దంటే ఆయనకే నష్టం, పెయింటింగ్ డబ్బులు పోతాయి.

ముళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఇంకో సంగతి బయటపడింది. చిన్న ముల్లు, పెద్ద ముల్లు పక్కపక్కనే పెట్టారు. రెండింటి పూతా ఒకేలా మాసింది, రెండింటి కొసల దగ్గరా ఆకుపచ్చ చిలుము. పెద్ద ముల్లు కొస నిమిషాల గీతల మీదికి సరిగ్గా ఆనుతోంది, చిన్న ముల్లు గంటల గుర్తుల లోపలి అంచుని తాకుతోంది. ముళ్ళ పొడవు ఇలా కుదిరితే అవి ఆ డయల్ కోసమే చేసినవని అర్థం. సెకన్ల ముల్లు మాత్రం గీతలకి ఇవతలే ఆగిపోయింది. దాని మెరుపు వేరు, మధ్యలో గుండ్రటి భాగం కాస్త పెద్దది. "ఇది తర్వాత వేసింది. కొత్తదేం కాదు, ముప్పై నలభై ఏళ్ళ కిందటిది. ఎప్పుడో అద్దం పగిలి ఉండాలి" అన్నారు.

అక్కడే నిలబడి అమ్మకి ఫోన్ చేశాను. "అద్దం పగిలిందా? నువ్వే పగలగొట్టావు. నాలుగేళ్ళుంటాయి నీకు. బల్ల మీంచి లాగి గచ్చు మీద పడేశావు. నాన్న నిన్నేమీ అనలేదు, మర్నాడు డ్యూటీకి పోతూ బాగు చేయించుకున్నారు" అంది. నాకా సంగతి తెలియనే తెలియదు. ఫోన్ పెట్టేశాక కాసేపు మాట రాలేదు.

సాయిబు గారు తన డబ్బాలో వెతికి జనతకి సరిపోయే పాత సెకన్ల ముల్లు ఒకటి చూపించారు. ఒరిజినల్ కావాలంటే వేస్తానన్నారు. వద్దన్నాను. వాచీలు సేకరించేవాళ్ళ లెక్కలో ఆ ముల్లు తప్పు. ఈ వాచీ ఎప్పటికీ అమ్మేది కాదు కాబట్టి ఆ ముల్లు అలాగే ఉండనిచ్చాను. ఆయన కూడా మారుమాట్లాడకుండా పాత ముల్లునే శుభ్రం చేసి పక్కన పెట్టారు.

డయల్‌కి ఆయన చేసింది చాలా తక్కువ. ఎండిన ఒండ్రుని రబ్బరు బుడ్డితో గాలి ఊది, మెత్తని కుంచెతో తీశారు. మొండిగా అంటుకున్న చోట బంకమన్ను లాంటి ఓ ముద్దతో అద్ది అద్ది ఎత్తారు, రుద్దలేదు. నీళ్ళు గానీ, దూదికి స్పిరిట్ గానీ తగిలిస్తే అక్షరాలు లేచొస్తాయట. నేను ఇంట్లో అయితే తడిగుడ్డతో తుడిచేద్దామనుకున్నాను, బతికిపోయాను. ఇక మిషను మొత్తం విప్పి, తుప్పు తీసి, కీ కడ్డీ, కీ కొత్తవి వేసి, నూనెలు పెట్టి, అద్దం మార్చారు. అన్నీ కలిపి 1,550 రూపాయలు. ఆ డబ్బు పెడితే ఇంకో పాత జనతే వస్తుందంటారు కొందరు. వస్తుందేమో, అది నాన్నది కాదు.

అసలు బాధ రెండోసారి వెళ్ళినప్పుడు. మా మేనమామది తెనాలి. 1971లో పెళ్ళికి అత్తవారు పెట్టిన వాచీ ఆయన దగ్గరుంది. ఫేవర్ లూబా సీ చీఫ్. అప్పట్లో అల్లుడికి వాచీ పెట్టడమంటే ఫేవర్ లూబా పెట్టడమే గొప్ప. స్విట్జర్లాండు కంపెనీ, 1865లోనే బొంబాయికి వచ్చి అమ్మకాలు మొదలుపెట్టింది, అందుకే మన తాతల నోళ్ళలో ఆ పేరు అంతగా నానింది. 2011లో మావయ్య షష్టిపూర్తికి ఏం ఇద్దామా అని ఆలోచించి, ఆ వాచీని అడిగి తీసుకుని ఓ షాపులో ఇచ్చి 'కొత్తగా' చేయించాను. డయల్ తళతళలాడుతూ వచ్చింది. అందరూ మెచ్చుకున్నారు. మావయ్య కూడా పెట్టుకున్నారు. కొన్నాళ్ళకి బీరువాలో పెట్టేశారు.

ఈసారి సర్వీసింగ్ కోసమని దాన్ని తీసుకెళ్తే సాయిబు గారు అద్దంలోంచే చూసి "పెయింటింగ్ అయిందమ్మా ఇది" అన్నారు. ఎలా చెప్పగలిగారో చూపించమన్నాను. నేర్చుకోవాలని అడిగాను గానీ ఒక్కోటి చూపిస్తుంటే మనసు కలుక్కుమంది.

పేరులో సన్నని గీతలు, లావు గీతలు ఉండాల్సిన చోట అన్నీ ఒకే లావు. 'జెనీవ్' అన్న చిన్న అక్షరాల మధ్య ఖాళీలు సిరాతో పూడుకుపోయాయి. గంటలకి అతికించిన లోహపు కడ్డీలు ఫ్యాక్టరీవే, కానీ వాటి మొదళ్ళ చుట్టూ రంగు చిన్న చిన్న గుంటల్లా పేరుకుంది. కడ్డీలు తీయకుండా పైనుంచి స్ప్రే కొడితే అంతేనట. నిమిషాల గీతలు 12 దగ్గర కడ్డీకి ఎదురుగానే మొదలయ్యాయి, 4 దగ్గరికి వచ్చేసరికి అర గీత పక్కకి జరిగాయి. 6 కింద 'స్విస్ మేడ్' అని ఉండాల్సిన చోట ఏమీ లేదు. డయల్ తీసి చూస్తే అంచున ఆకురాయితో రాసిన చిన్న నొక్కు, అచ్చు వేసేటప్పుడు ఏది పైనో ఏది కిందో తెలియడానికి పెయింటింగ్ వాళ్ళు పెట్టుకునే గుర్తు. వెనక సూదితో గీకిన ఏదో నెంబరు. అన్నిటికన్నా, పాత డయల్‌కి వెలుతురు పడితే మధ్యలోంచి కిరణాల్లా చెదిరే మెరుపు ఉండేది. చిన్నప్పుడు మావయ్య చెయ్యి పట్టుకుని ఇటూ అటూ తిప్పి ఆ మెరుపుతో ఆడుకున్నదాన్ని. అది లోహం మీద సన్నగా గీసిన గీతల వల్ల వచ్చేది. రంగు వేసేముందు రుద్ది నున్నగా చేసే బఫింగ్‌లో ఆ గీతలు పోయాయి. ఇప్పుడున్నది గోడకి వేసిన సున్నం లాంటి తెలుపు.

"అంతకు ముందు ఎలా ఉండేది?" అని అడిగారు. అంచుల్లో కొంచెం మచ్చలు, మధ్యలో లేత తేనె రంగు అని చెప్పాను. "అది ఇంకో యాభై ఏళ్ళు ఉండేదమ్మా" అన్నారు, అంతే. ఇంకేమీ అనలేదు. ఏమన్నా అని ఉంటే బాగుండేదేమో. మావయ్యకి ఈ సంగతి నేను చెప్పాను. "నువ్వు ప్రేమతో చేయించావు కదమ్మా" అన్నారాయన.

ఆ రోజే గుంటూరు నుంచి ఒక పెద్దాయన వచ్చారు, అరండల్‌పేటట. వాళ్ళ తాతగారి వెస్ట్ ఎండ్ వాచీ. నల్ల డయల్, చీకట్లో మెరిసే అంకెలు. మన దగ్గర మెరిసేదంతా రేడియమే, బండి వెనక అతికించే స్టిక్కరు కూడా రేడియమే అంటాం. ఈ వాచీలో ఉన్నది నిజం రేడియం. సాయిబు గారు మాస్కు పెట్టుకుని, చేతికి గ్లవ్స్ వేసుకుని, కింద తడి కాగితం పరిచి మూత తీశారు. మమ్మల్ని ఓ అడుగు వెనక్కి జరగమన్నారు.

ఆ వాచీ ముళ్ళు ఏళ్ళ తరబడి ఒకే చోట ఆగిపోయి ఉన్నాయి. వాటిని తీస్తే కింద డయల్ మీద ముళ్ళ ఆకారంలోనే గోధుమ రంగు నీడ ఉంది, ఇస్త్రీ పెట్టె మర్చిపోతే బట్ట మీద పడే మచ్చలా. రేడియం కాల్చిన గుర్తు అది. పెద్ద ముల్లు నీడ పెద్ద ముల్లుకి సరిపోయింది. చిన్న ముల్లు నీడ మాత్రం ఇప్పుడున్న చిన్న ముల్లు కన్నా సన్నగా, పొడవుగా ఉంది. అంటే ముల్లు ఎప్పుడో మారింది. పైగా పెద్ద ముల్లు రంగు నీలం, వెలుతురులో తిప్పుతుంటే అది ఊదాలోకి, ఊదా నుంచి నలుపులోకి మారుతోంది. ఉక్కుని దాదాపు 300 డిగ్రీలకి కాచినప్పుడు వచ్చే నీలం అది. చిన్న ముల్లుది ఎటు తిప్పినా ఒకటే నీలం, పెయింటు.

తర్వాత నోట్లు చూసే నీలం లైటు తీసి, గుడ్డ కప్పి, దాని కింద చూపించారు. లైటు వేసినప్పుడు అంకెలు మసకగా వెలిగాయి, తీయగానే ఆరిపోయాయి. చిన్న ముల్లు మాత్రం లైటు తీసేశాక కూడా పచ్చగా వెలుగుతూనే ఉంది. దాంట్లో ఉన్నది ఈ మధ్య కాలపు రంగు. అరవై డెబ్బై ఏళ్ళ నాటి వాచీ టార్చి కొట్టగానే కొత్త దీపంలా చాలాసేపు వెలిగిందంటే ఎవరో మళ్ళీ రంగు నింపారని అర్థం.

ఇక్కడ నా సబ్జెక్టు కాబట్టి ఒక మాట. రేడియం సగం తగ్గడానికి దాదాపు 1,600 ఏళ్ళు పడుతుంది. వాచీ మెరవడం మానేసిందంటే రేడియం అయిపోయిందని కాదు, దాంతో కలిపిన జింక్ సల్ఫైడ్ చచ్చిపోయింది. రేడియేషన్ అలాగే ఉంటుంది. 1920ల్లో అమెరికాలో వాచీ డయల్స్‌కి ఈ రంగు వేసే అమ్మాయిలు కుంచె కొసని పెదాలతో తడిపి సన్నగా చేసుకునేవారు. ఎంతోమంది దవడ ఎముకలు కుళ్ళి చనిపోయారు. అందుకని తాతల నాటి రేడియం వాచీని ఇంట్లో తెరవకండి, ఆ రంగుని గోటితో గీకకండి, పిల్లలకి ఆడుకోవడానికి ఇవ్వకండి. 1960ల నుంచి దాని బదులు ట్రిటియం వచ్చింది. 6 కింద 'టి స్విస్ టి' అని కనిపిస్తే అదే. దాని అర్ధాయువు 12.3 ఏళ్ళు, అరవై ఏళ్ళకి నూటికి మూడు నాలుగు పాళ్ళే మిగులుతుంది. అలాంటి వాచీ చీకట్లో మెరవకపోతేనే నమ్మాలి.

గుంటూరు పెద్దాయన ముళ్ళు కూడా డయల్‌లా పాతబడినట్టు రంగు వేయగలరా అని అడిగారు. కాఫీ నీళ్ళతో, టీ డికాషన్‌తో అలా చేసేవాళ్ళున్నారట. సాయిబు గారు చేయనన్నారు. "రేపు మీ అబ్బాయి అమ్మితే కొన్నవాడు మోసపోతాడు" అన్నారు. ఆయనకిది వ్యాపారం కన్నా ఎక్కువ పట్టింపు.

లెక్కల మాస్టారి సీకో 5 గురించి కూడా రెండు ముక్కలు. ఫోన్లో చూసి కొన్నారు, నారింజ రంగు డయల్, కళ్ళు చెదిరేలా. సీకో డయల్స్‌కి కింది అంచున, 6 దగ్గర, కంటద్దంతో చూస్తే గానీ కనపడని సన్నని నెంబరు ఉంటుంది. వాచీ వెనక మూత మీద ఉన్న మిషను నెంబరుతో అది మొదలవ్వాలి. మాస్టారి దాంట్లో మూత మీద 7009 ఉంది, డయల్ కింద ఏమీ లేదు. రంగు ఎవరో వేసింది. ఇలాంటివి బొంబాయి నుంచి కుప్పలుగా వస్తాయట. హెచ్‌.ఎం.టి.లకీ అదే గతి పట్టింది. 1961లో జపాన్ కంపెనీ సిటిజన్‌తో కలిసి బెంగళూరులో మొదలైన ఫ్యాక్టరీ, 2016లో మూసివేతకి కేంద్రం ఒప్పుకున్నాక పాత వాచీలకి గిరాకీ పెరిగింది. నెట్‌లో గులాబీ రంగు, చిలక పచ్చ రంగు జనతలు అమ్ముతున్నారు, చూసి కొనండి. మిషను పాతదే అయి ఉండొచ్చు, ముఖం మాత్రం నిన్నటిది.

షాపులో ఇబ్బందులు లేకపోలేదు. మూడు వారాలన్నారు, ఏడు వారాలు పట్టింది. ఫోన్ ఎత్తరు. నాలుగుసార్లు వెళ్ళి వట్టి చేతులతో వచ్చాను, రెండుసార్లు ఎండలో. బిల్లు ఇవ్వరు, సిగరెట్ పెట్టె అట్ట వెనక నా పేరు, 'జనత, నీళ్ళు' అని రాసి దారంతో వాచీకి కట్టారు. అది పోతే ఏమవుతుందని ఏడు వారాలూ నాకు టెన్షనే. రసీదు పుస్తకం ఒకటి పెట్టుకోమని మొహం మీదే చెప్పాను, మనవడికి చెప్తానన్నారు. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకి మూసేస్తారు, మూడు దాటాకే తీస్తారు. బీసెంట్ రోడ్డులో బండి పెట్టే చోటు దొరకదు, ఏలూరు రోడ్డులో దిగి నడవడమే మేలు. డబ్బులు మనవడి ఫోన్‌పేకి కొట్టాలి, లేదా చిల్లరతో వెళ్ళండి. బ్యాటరీ వాచీలు తీసుకోరు.

మీరు వెళ్తే వాచీని మీరు తుడవకుండా, మెరుగు పెట్టకుండా, ఎలా ఉన్నది అలాగే తీసుకెళ్ళండి. ఆ వాచీ పెట్టుకున్న మనిషి పాత ఫొటో ఉంటే వెంట ఉంచుకోండి, ముళ్ళ ఆకారం పోల్చి చూడటానికి ఒక్కోసారి అదే ఆధారం. వాచీని ఇంట్లో దాచేటప్పుడు ప్లాస్టిక్ కవర్లో ముడేయొద్దన్నారు. బట్ట సంచిలో, బూట్ల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లం ఒకటి వేసి, బీరువా పై అరలో.

నాన్న వాచీ ఇప్పుడు నా చేతికి ఉంది. రోజుకి ఒక నిమిషం వెనకపడుతుంది, ఆ తుప్పు చూశాక అంతకన్నా అడగలేను. 3 పక్కన మరక అలాగే ఉంది. పొట్టి సెకన్ల ముల్లు తిరుగుతోంది. క్లాసులో పిల్లలు ఆ మరకేంటి టీచర్ అని అడిగితే బుడమేరు అని చెప్తున్నాను. వాళ్ళలో సగం మంది సింగ్ నగర్ పిల్లలే, ఇంకేమీ అడగరు.

మావయ్య వాచీ మాత్రం అక్కడే, ఓ కాగితపు కవర్లో ఉంది. మిషను సర్వీసింగ్ అయిపోయింది. డయల్‌కి వెనక రెండు కాళ్ళుంటాయి, అవి మిషనులో రంధ్రాలకి సరిపోవాలి కాబట్టి ఏ సీ చీఫ్ డయల్ పడితే అది పనికిరాదు. అదే మిషనుతో పాడైపోయిన వాచీ ఏదైనా వస్తే, దాని డయల్ మచ్చలున్నా సరే, పెయింటింగ్ కానిదైతే తీసిపెట్టమని చెప్పాను. చెప్పి అయిదు నెలలైంది. పోయిన వారం వెళ్తే ఒకటి చూపించారు, కంటద్దం ఇచ్చి నన్నే చూడమన్నారు. 'స్విస్ మేడ్' ఉంది. అంచు తిప్పి చూస్తే నొక్కు ఉంది. తిరిగి ఇచ్చేశాను.